అక్షరాలన్నీ వచ్చు, చదవడమే రాదు

రెండో తరగతి పాప. తెలుగు వాచకం ముందు పెట్టుకుని, వరుస కింద వేలు జరుపుతూ గడగడా చదివేస్తోంది. వంటింట్లోంచి వింటున్న తల్లికి సంతోషం. దగ్గరికొచ్చి చూస్తే వేలు ఒక వరుసలో ఉంది, నోరు ఇంకో వరుసలో ఉంది. అనుమానమొచ్చి పేజీ మధ్యలో ఒక మాట చూపించి "ఇదేంటమ్మా?" అంటే పాప నోరు మెదపదు. బడిలో అందరూ కలిసి పదేపదే చదివిన పాఠం చెవిన పడి కంఠస్థమైపోయింది. పుస్తకం తెరిచి ఆమె ఒప్పజెబుతోంది, అంతే.

ఇదే పాప నిన్న చూసిన సినిమా కథ సీను సీనుగా చెబుతుంది. కిరాణా కొట్టుకు పంపితే చిల్లర సరిగ్గా లెక్కపెట్టి తెస్తుంది. అక్షరమాల అడిగితే అ నుంచి ఱ దాకా చెబుతుంది. మరి నాలుగు మాటల వాక్యం దగ్గర ఎందుకు ఆగిపోతోంది? ఈ ప్రశ్నకు మన ఇళ్లలో, బడుల్లో వాడుకలో ఉన్న జవాబులు మూడు. శ్రద్ధ లేదు. ఫోను ఎక్కువైంది. బుర్ర లేదు. ఈ మూడూ కాని జవాబు ఒకటుందని వైద్యులు గుర్తించి నూట పాతికేళ్లు దాటింది. అయినా అది చాలా తరగతి గదుల దాకా రానేలేదు.

పెర్సీ అనే కుర్రాడు

1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు ఒక చిన్న వ్యాసం రాశాడు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని సీఫర్డ్ ఊళ్లో ఆయన వైద్యం చేసేవాడు. వ్యాసంలోని కుర్రాడి పేరు పెర్సీ, వయసు పద్నాలుగు. చురుకైనవాడు, ఆటల్లో తోటివాళ్లకు ఏమాత్రం తీసిపోడు. ఏడేళ్ల వయసు నుంచీ చదువు చెప్పించారు, ఇంట్లో ట్యూషన్లు కూడా పెట్టించారు. అయినా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. తన పేరు రాయమంటే అక్షరాలు తారుమారు చేసి 'ప్రెసీ' అని రాశాడు. తప్పుందని ఒకటికి రెండుసార్లు చెబితే గానీ కనిపెట్టలేకపోయాడు. అంకెల దగ్గర మాత్రం ఏ తడబాటూ లేదు. తొమ్మిది అంకెల సంఖ్యను టక్కున చదివాడు, బీజగణితం లెక్క తప్పు లేకుండా చేశాడు. పాఠాలన్నీ నోటిమాటగానే చెప్పే పద్ధతి ఉంటే బడి మొత్తంలో తెలివైనవాడు ఇతనే అయ్యుండేవాడని మాస్టారు అన్నట్టు మోర్గన్ రాశాడు.

కళ్లలో లోపం లేదు, తెలివిలో లోపం లేదు, చెప్పేవాళ్లు లేకా కాదు. అచ్చులో ఉన్న మాట ఒక్కటే లోపలికి వెళ్లడం లేదు. మోర్గన్ దీన్ని పుట్టుకతో వచ్చిన పద అంధత్వం అన్నాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందే జర్మనీలోని స్టుట్‌గార్ట్ కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్, మెదడు దెబ్బతిని చదవలేకపోయిన పెద్దల గురించి రాస్తూ డిస్లెక్సియా అనే పేరు పెట్టాడు. చివరికి ఆ పేరే పిల్లలకూ స్థిరపడింది.

మెదడుకు కొత్త పని

మాట్లాడటం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చుట్టూ మాటలుంటే చాలు, బిడ్డ మూడేళ్లు దాటేసరికి వాక్యాలు కడుతుంది. మనిషి మెదడు అందుకు తగ్గట్టుగా పుడుతుంది. రాత మొదలై మాత్రం సుమారు అయిదువేల ఏళ్లే అయింది. చాలా సమాజాల్లో మామూలు జనానికి చదువు అందింది ఈ ఒకటి రెండు శతాబ్దాల్లోనే. మెదడులో చదవడానికంటూ ఒక భాగం ఏర్పడటానికి ఈ కాలం చాలదు. అందుకని చదువు నేర్చుకునే ప్రతి బిడ్డా వేరే పనుల కోసం ఉన్న భాగాలను కూడగట్టుకుని కొత్త దారి వేసుకోవాలి.

ఆ దారి ఎక్కడ పడుతుందో ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహీన్, ఆయన సహచరులు మెదడు స్కానింగులతో చూపించారు. మెదడు ఎడమ అర్ధభాగంలో, వెనక కింది వైపు, వస్తువుల ఆకారాలను గుర్తుపట్టే ప్రాంతం ఉంది. చదవడం వచ్చినవాళ్లలో అందులో కొంత భాగం అక్షరాలకే కేటాయింపు అయిపోతుంది. అక్కడి నుంచి చెవికి పైన, మాటల ధ్వనులను చూసుకునే ప్రాంతానికి సమాచారం వెళ్లాలి. అక్కడి నుంచి అర్థం దాకా పోవాలి. బాగా చదవగలిగినవాళ్లకు ఇదంతా సెకనులో కొద్ది భాగంలో, తెలియకుండానే జరిగిపోతుంది. బ్రెజిల్, పోర్చుగల్ దేశాల పెద్దలపై 2010లో ప్రచురించిన పరిశోధనలో ఇంకో మంచి సంగతి తేలింది. చిన్నప్పుడు బడికి వెళ్లక, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లలోనూ ఈ దారి పడింది.

డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో ఈ దారి పడటం చాలా కష్టమవుతుంది. ముఖ్యంగా అక్షరాన్నీ ధ్వనినీ కలిపే చోట మెదడు తక్కువ చురుకుగా ఉండటం స్కానింగుల్లో మళ్లీ మళ్లీ కనిపించింది.

పప్పులో కరిగిన ఉప్పు

ఆ కలిపే చోట చిక్కేమిటి? మనం 'కల' అంటే చెవికి రెండు ముక్కలు వినిపిస్తాయి, క, ల. కానీ 'క'లో క్ అనే హల్లూ అ అనే అచ్చూ ఉన్నాయి. ఆ రెండూ పప్పులో ఉప్పులా కలిసిపోయి ఉంటాయి. ఉందని నాలుకకు తెలుస్తుంది, వేలితో పైకి తీయమంటే రాదు. మాట్లాడటానికి అలా విడదీయాల్సిన పని లేదు. చదవడానికి, రాయడానికి ఉంది. కా, కి, కు, కె అన్నిటిలోనూ మారనిది ఒకటుందని, మారుతున్నది ఇంకొకటని పిల్లవాడి మనసుకు తట్టాలి. అది తట్టకపోతే గుణింతం ఒక తర్కంగా కనబడదు, ఒకదానికొకటి సంబంధం లేని వందల బొమ్మలుగా కనబడుతుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి మూల సమస్య ఈ విడదీయడంలోనే ఉందని పరిశోధకులు చెబుతున్నారు.

చిన్న పరీక్షతో ఇది బయటపడుతుంది. పుస్తకం అక్కర్లేదు, నోటితోనే అడగవచ్చు. 'కమల'లో క తీసేస్తే ఏం మిగులుతుంది? 'కాలు'లో మొదటి హల్లు మార్చి ప్ పెడితే ఏమవుతుంది? మామూలుగా ఏడెనిమిదేళ్ల పిల్లలు నవ్వుతూ చెప్పేసే రెండో ప్రశ్న దగ్గర ఈ పిల్లలు చాలాసేపు తడుముకుంటారు.

రెండో చిక్కు వేగానిది. 1970లలో అమెరికాలో మార్తా డెంక్లా, రీటా రూడెల్ పిల్లల ముందు కొన్ని రంగులో, బొమ్మలో మళ్లీ మళ్లీ వచ్చేలా వరుసగా పెట్టి పేర్లు గబగబా చెప్పమన్నారు. చదవడం కష్టమైన పిల్లలకు రంగులన్నీ తెలుసు, పేర్లన్నీ తెలుసు. కానీ కంటికి కనబడ్డదాని పేరు నోటిదాకా రావడానికి వాళ్లకు ఎక్కువ సమయం పట్టింది.

తప్పు కంటిది కాదు

'తారే జమీన్ పర్' సినిమా 2007లో వచ్చి ఈ సమస్యకు దేశమంతటా పేరు తెచ్చింది. ఎంతోమంది తల్లిదండ్రులు ఆ సినిమా చూశాకే పిల్లల్ని నిపుణుల దగ్గరికి తీసుకెళ్లారు. అయితే దానితోపాటు ఒక అపోహ కూడా పాతుకుపోయింది. అందులో కుర్రాడు అక్షరాలు నాట్యం చేస్తున్నాయంటాడు. దాంతో డిస్లెక్సియా అంటే అక్షరాలు తలకిందులుగా, కదులుతూ కనబడటమే అనుకుంటున్నారు. అమెరికా పరిశోధకుడు ఫ్రాంక్ వెల్లుటినో 1970లలోనే ఇది నిజం కాదని తేల్చాడు. పిల్లలెవరికీ రాని హీబ్రూ లిపి మాటలు చూపించి, చూసింది చూసినట్టు గీయమన్నాడు. డిస్లెక్సియా ఉన్న పిల్లలు మిగతావాళ్లతో సమానంగా గీశారు. అంటే కన్ను చూడాల్సింది చూస్తోంది. చూసినదానికి పేరూ ధ్వనీ అతకడం దగ్గరే చిక్కు. ఇక అక్షరాలు తిరగేసి రాయడం, చదువు నేర్చే మొదటి రెండేళ్లలో చాలామంది పిల్లలు చేసే పనే.

అందుకే రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు దీనికి మందు కావని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘం 2009లో ఉమ్మడిగా ప్రకటించాయి. చూపు పరీక్ష తప్పకుండా చేయించాలి. చూపు బాగుందని తేలాక ఇంకా కళ్ల చుట్టూ తిరిగితే బిడ్డకు పోయేది కాలం.

తెలుగు లిపి దాచిపెట్టే ఇబ్బంది

మనకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. దీని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ.

డిస్లెక్సియా గురించి లోకానికి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు పిల్లల్ని చూసి రాసింది. ఇంగ్లిషులో రాత ఒకటి, పలుకు ఒకటి. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో యూరప్‌లోని పదమూడు భాషల పిల్లల్ని, మొదటి ఏడాది చదువు ముగిశాక పరీక్షించారు. ఫిన్నిష్, గ్రీకు, ఇటాలియన్, జర్మన్ పిల్లలు తెలిసిన మాటల్లో 90 శాతానికి పైగా తప్పులేకుండా చదివారు. ఇంగ్లిషు నేర్చుకున్న స్కాట్లండు పిల్లలు 34 శాతమే చదవగలిగారు. పిల్లలదేముంది, ఆ లిపి అలాంటిది.

మరి ఇటలీలో డిస్లెక్సియా లేదా? పావులేసు అనే శాస్త్రవేత్త, సహచరులతో కలిసి ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండు విశ్వవిద్యాలయాల్లో చదివే డిస్లెక్సియా విద్యార్థుల మెదళ్లను స్కాన్ చేసి 2001లో ఫలితాలు ప్రకటించాడు. మూడు దేశాలవాళ్లలోనూ మెదడు ఎడమ వైపున ఒకే ప్రాంతం తక్కువగా పనిచేస్తోంది. కానీ చదివే పరీక్షలో ఇటలీవాళ్లు మిగతా ఇద్దరికన్నా బాగా చేశారు. మెదడులో ఉన్న ఇబ్బంది ఒక్కటే, ఎంత బయటపడుతుందన్నది లిపిని బట్టి మారింది.

తెలుగు ఈ విషయంలో ఇటాలియన్ వైపు ఉంటుంది. రాసినట్టే పలుకుతాం. అందుకని డిస్లెక్సియా ఉన్న తెలుగు పిల్లవాడు తప్పులు చదవడం కన్నా ఎక్కువగా నెమ్మదిగా చదువుతాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చివరికి మాట సరిగ్గానే చెబుతాడు. పక్కన కూర్చున్న పెద్దవాళ్లకు "చదవడం వచ్చు, బద్ధకం" అనిపిస్తుంది. తప్పులు లెక్కపెట్టే పరీక్షలో వాడు దాటిపోతాడు. గడియారం పెట్టి చూస్తేనే దొరుకుతాడు.

ఇంగ్లిషుకు లేని బరువులు కొన్ని మన లిపికి ఉన్నాయి. మొదటిది సంఖ్య. గుణింతాలు లెక్కేస్తేనే నాలుగు వందలు దాటుతాయి. పైన ఒత్తులు. త కిందికి దిగితే ఒక ఆకారం, మ దిగితే ఇంకో ఆకారం, ఇలాంటివాటిలో తల్లి అక్షరానికీ ఒత్తుకూ పోలికే ఉండదు. ద కింద చిన్న గీత గీస్తే ధ. వ పక్కన చిన్న కొమ్ములాంటిది చేరితే మ. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో, మామూలు పిల్లలు కూడా నాలుగో తరగతిలోనూ అక్షరాలు నేర్చుకుంటూనే ఉన్నారని తేలింది. ఏడాదిలో అక్షరమాల అయిపోయిందని పాఠాల్లోకి దూకే మన పద్ధతికి ఇది సరిపడదు.

రెండోది వరుస. 'స్త్రీ' అనే మాటను ఒక్క నిమిషం చూడండి. పలికే క్రమం స్, త్, ర్, ఈ. రాతలో మాత్రం చివర పలకాల్సిన ఈ, గుడిదీర్ఘమై స నెత్తిన కూర్చుంది. మధ్యలో పలకాల్సిన త, ర కిందికి దిగిపోయాయి. కంటికి ముందు తగిలేది 'సీ'. దాన్ని అలాగే పట్టుకుని, కిందివాటిని పైకి తెచ్చి మధ్యలో దూర్చి, అచ్చును చివరికి నెట్టాలి. మనం రెప్పపాటులో చేసేసే ఈ పనిలో, ధ్వనుల్ని విడదీయలేని బిడ్డ చిక్కుకుపోతుంది. 'పుస్తకం'లో ఒత్తు వదిలేసి 'పుసకం' అంటుంది. రాయమంటే 'పుసతకం' అని రాస్తుంది. సున్న కూడా అంతే. 'పంట', 'పంపు', 'పందెం' మూడింటిలోనూ గుర్తు ఒకటే, పలుకు మూడు రకాలు.

మూడోది మాట పొడవు. 'వెళ్లిపోవాలనుకుంటున్నాడు' అనేది ఒక్క మాట, పది అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒక సెకను పట్టే బిడ్డ 'డు' దగ్గరికి వచ్చేసరికి 'వె' మరుపున పడుతుంది. పైగా క్రియ మన వాక్యం చివర ఉంటుంది. అది వచ్చేదాకా ముందు మాటలన్నీ గుర్తుంచుకోవాలి. చదివినది సరిగ్గానే ఉండి, ఏం చదివావంటే చెప్పలేకపోవడానికి కారణం ఇదే. అదే పాఠం ఇంకొకరు చదివి వినిపిస్తే ప్రతి ప్రశ్నకూ జవాబు చెబుతాడు. తల్లిదండ్రులు ఇంట్లోనే పోల్చి చూడదగ్గ తేడా ఇది.

మన పిల్లలు తెలుగుతో ఆగరు. ఇంగ్లిషు, హిందీ కలిపి మూడు లిపులు మోయాలి. చాలామంది తొలి అక్షరాలు నేర్చుకుంటున్నది ఇంట్లో వినబడని ఇంగ్లిషులో. అర్థం తెలియని మాటలు చదవలేకపోవడం జబ్బు కాదు, లోపం కాదు. నేర్పకపోవడాన్నీ నేర్చుకోలేకపోవడాన్నీ వేరు చేయాలంటే కొన్ని నెలలపాటు, ఇంటి భాషలో, క్రమపద్ధతిలో బాగా నేర్పి చూడాలి. చాలామంది అందుకుంటారు. అప్పటికీ అందుకోలేనివాళ్ల మీద దృష్టి పెట్టాలి. పరీక్ష కూడా బిడ్డ చదువుతున్న భాషలోనే జరగాలి. హరియాణాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో నందినీ చటర్జీ సింగ్ బృందం 2015లో భారతీయ భాషల కోసం 'డాలీ' అనే పరీక్షను తెచ్చింది. అది హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లిషులతో మొదలైంది.

▪ పెట్టె: దగ్గరి చుట్టాలు

చదవడంలో ఇబ్బంది ఒక్కటే కాదు. అంకెలతో వచ్చే ఇబ్బందిని డిస్కాల్క్యులియా అంటారు. మూడు నాలుగు చుక్కలుంటే మనం లెక్కపెట్టకుండానే ఎన్నో చెప్పేస్తాం. ఈ పిల్లల్లో కొందరు వాటిని కూడా ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఎక్కాలు ఎంత బట్టీ పట్టినా నిలవవు, ఏడో తరగతిలోనూ వేళ్ల మీదే కూడిక చేస్తారు. 48కీ 84కీ తేడా పట్టుకోవడం కష్టం. రాతలో వచ్చేది డిస్‌గ్రాఫియా. చెప్పమంటే పేజీడు చెప్పే బిడ్డ రాయమంటే రెండు వరుసలతో ఆపేస్తుంది, చెయ్యి నొప్పి అంటుంది, అక్షరాలు గీత దాటిపోతాయి. దస్తూరి బాగాలేదని ఇలాంటి బిడ్డ చేత వందసార్లు రాయిస్తే నొప్పి పెరుగుతుంది, దస్తూరి మారదు. ఇవి ఒక్కో బిడ్డలో ఒకటే ఉండొచ్చు, రెండు మూడు కలిసీ ఉండొచ్చు. నిలకడగా కూర్చోలేకపోవడం కూడా చాలామందిలో తోడవుతుంది.

ఎవరికి వస్తుంది

లిపిని బట్టి, కొలిచే పద్ధతిని బట్టి లెక్కలు మారినా, వందమందిలో అయిదు నుంచి పదిమందికి ఉంటుందన్నది తరచు వినిపించే అంచనా. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం దాకా ఉంటుంది. దీనికి ఒక్క జన్యువు కారణం కాదు. తమకు డిస్లెక్సియా ఉందని చెప్పిన 50 వేల మందికి పైగా మనుషుల డీఎన్ఏను మిగతావాళ్లతో పోల్చిన 2022 నాటి పరిశోధనలో, సంబంధం ఉన్న చోట్లు 42 కనబడ్డాయి. ఒక్కో చోటి ప్రభావం చాలా చిన్నది.

మగపిల్లల్లోనే ఎక్కువనే నమ్మకం పాతది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన శాలీ షేవిట్జ్ 1990లో ప్రచురించిన అధ్యయనం దీన్ని కదిలించింది. బడులు పంపిన జాబితాల్లో మగపిల్లలు చాలా ఎక్కువ. పిల్లలందరినీ స్వయంగా పరీక్షిస్తే ఆడ, మగ దాదాపు సమానంగా వచ్చారు. చదవలేని అబ్బాయి అల్లరి చేసి టీచరు కంట్లో పడతాడు. చదవలేని అమ్మాయి పాఠం కంఠతా పట్టి వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుంటుంది.

తెలివితేటలతోనూ దీనికి ముడి లేదు. డిస్లెక్సియా ఉన్నవాళ్లందరూ మేధావులేనని ఓదార్పుగా చెప్పడం ఈమధ్య ఎక్కువైంది. ఐన్‌స్టీన్‌ను ఉదాహరణ చూపిస్తారు, ఆయనకు ఉందనడానికి గట్టి ఆధారం లేదు. 2009లో వైద్యశాస్త్ర నోబెల్ పొందిన కరోల్ గ్రైడర్ మాత్రం తనకుందని స్వయంగా చెప్పారు. ఆమె సంగతి పిల్లలకు చెబితే ధైర్యం వస్తుంది, చెప్పాలి. కానీ సాయం అందుకోవడానికి ఏ బిడ్డా నోబెల్ స్థాయి ప్రతిభ చూపించనక్కర్లేదు.

నేర్పితే వస్తుంది

దీనికి మందు లేదు. బోధనే చికిత్స, అది పనిచేస్తుంది. అమెరికాలో శామ్యూల్ ఓర్టన్ అనే వైద్యుడు, ఆనా గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయురాలు గత శతాబ్దం తొలి సగంలో వేసిన బాట మీదే చాలా పద్ధతులు నడుస్తున్నాయి. వాటి సారం ఇది. ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధం బిడ్డ తనంతట కనిపెడుతుందని వదిలేయకుండా విప్పి చెప్పాలి. కొద్దికొద్దిగా నేర్పాలి, నేర్పింది నిలిచాకే ముందుకు వెళ్లాలి, రోజూ చేయాలి.

తెలుగులో అయితే క గుణింతం మొత్తం ఒకేసారి వల్లెవేయించే బదులు, క, మ, ల, త లాంటి నాలుగైదు హల్లులకు ఒక్క దీర్ఘం తగిలించి కా, మా, లా, తా చదివించవచ్చు. మారుతున్నదేదో అప్పుడు బిడ్డకే పట్టుబడుతుంది. తర్వాత గుడి, ఆ తర్వాత కొమ్ము. ఒత్తులకు వచ్చాక 'అమ్మ'ను అమ్, మ అని విరిచి చప్పట్లతో పలికించి, విరిగిన చోట ఒత్తు రాయించాలి. అర్థం లేని మాటలు కూడా చదివించి చూడాలి. 'మబిటు', 'కొలసె' లాంటివి. కంఠస్థంతో తప్పించుకోవడానికి వాటిలో వీలుండదు, నిజంగా చదువుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇలాంటి శిక్షణతో మెదడు మారుతుందని నేరుగా చూశారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఎనిమిది వారాలు, రోజుకు నాలుగు గంటల చొప్పున చదవడం నేర్పుతూ మధ్యమధ్య స్కానింగులు తీశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పిల్లల చదువు మెరుగుపడింది, దాంతోపాటే మెదడులోని ప్రాంతాలను కలిపే నరాల తంతువుల్లో మార్పు కనబడింది. రోజుకు నాలుగు గంటలు మన ఇళ్లలో కుదరదు. రోజూ ఇరవై నిమిషాలు, విసుక్కోని మనిషి పక్కన కూర్చోవడం కుదురుతుంది. ఎంత నేర్పినా కొంత నెమ్మదితనం పెద్దయ్యాక కూడా ఉండిపోవచ్చని ముందే తెలిసి ఉండటం మంచిది.

బడి చేయాల్సింది

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ ఇబ్బందుల ఊసు లేదు. 2016 చట్టం వీటిని నిర్దిష్ట అభ్యసన వైకల్యాలుగా 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. ధ్రువపత్రం ఉన్న విద్యార్థికి సీబీఎస్ఈ మూడు గంటల పరీక్షలో గంట అదనంగా ఇస్తుంది, రాసిపెట్టే సహాయకుణ్ని అనుమతిస్తుంది, రెండు భాషలకు బదులు ఒక భాష చదివే వీలు కల్పిస్తుంది. 'మావాడికి ముద్ర పడుతుంది' అని ధ్రువపత్రానికి వెనకాడే తల్లిదండ్రులున్నారు. వాళ్ల భయం అర్థమయ్యేదే. అయితే మొద్దు, సోమరి అనే ముద్రలు వాడికి అప్పటికే పడిపోయి ఉంటాయి, వాటివల్ల ఒక్క నిమిషం కూడా అదనంగా రాదు.

ధ్రువపత్రం లేకుండానే రేపటి నుంచి చేయదగ్గవి ఉన్నాయి. సామాన్య శాస్త్రం జవాబులో ఒత్తు తప్పుకు మార్కు కోయకుండా ఉండొచ్చు. పాఠాన్ని ఫోనులో రికార్డు చేసి పంపొచ్చు, తెలుగు అచ్చును చదివి వినిపించే సదుపాయం ఇప్పుడు ఫోన్లలో ఉంది. కొన్ని జవాబులు నోటితో అడగొచ్చు. తరగతిలో ఉన్నట్టుండి లేపి చదవమనకుండా, రేపు ఏ పేరా చదవాలో ఈ రోజే ఆ బిడ్డకు చెప్పి పంపించవచ్చు.